రెండు గుర్రాల ట్రైలర్‌కు తగిన బండిని ఎంచుకోవడం: ఒక కేస్ స్టడీ

గుర్రాలను రోడ్డు మీద తీసుకువెళ్ళే బండ్లను, ట్రైలర్లను పరీక్షించి వాటి యజమానులకు సలహా ఇవ్వడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొట్టమొదట అడిగేది "మా బండి దీన్ని లాగుతుందా?" అని. ఇంజనుకు కాస్త బలమున్న ఏ బండైనా లాగుతుంది. లాగిన తరువాత వాలులో దాన్ని ఆపగలదా, పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు తిన్నగా నిలబెట్టగలదా, లోపల నిలబడి ఉన్న ప్రాణికి కాళ్ళ కింద నేల కుదురుగా ఉంటుందా అన్నవి వేరే ప్రశ్నలు. ఈ కేసులో నేను కూడా ముందు ఆ తేలికైన ప్రశ్నకే జవాబు చెప్పాను, అదీ బండిని చూడకుండా, ఫోన్లో. దాని ఫలితం ఎంత దూరం వెళ్ళిందో చూశాను కాబట్టి ఈ కేసును పూర్తిగా రాసి పెడుతున్నాను. మనుషులను, స్థలాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. బరువులు, కొలతలు మాత్రం అప్పుడు కాటా చీటీల మీద, నా నోటుపుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

యజమానురాలికి రెండు గుర్రాలు: 12 ఏళ్ళ ఆడగుర్రం, 9 ఏళ్ళ మగగుర్రం. నెలకు రెండు మూడు సార్లు వాటిని సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని శిక్షణ మైదానానికి తీసుకువెళ్ళేవారు. దారిలో మూడోవంతు ఘాట్ రోడ్డు. చాలా ఏళ్ళు అద్దె లారీలోనే వెళ్ళారు, ఆ రోజుల్లో ఆడగుర్రం ఎక్కడానికి ఎన్నడూ మొరాయించలేదని ఆవిడ చెప్పారు. తరువాత రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడే, రెండు ఇరుసుల ట్రైలర్ ఒకటి పాతది కొన్నారు. ఇంట్లో అప్పటికే ఒక మధ్యతరహా ఎస్‌యూవీ ఉంది. దాని బ్రోచర్‌లో బ్రేకులున్న ట్రైలర్‌ను 2,000 కిలోల వరకు లాగవచ్చని రాసి ఉంది.

ఆవిడ లెక్క ఇది. ట్రైలర్‌కు తయారీదారు బిగించిన పలక మీద ఖాళీ బరువు 980 కిలోలు. గుర్రానికి 450 చొప్పున రెండింటికి 900. మొత్తం 1,880. "ఇంకా 120 కిలోలు మిగులుతాయి కదండీ" అన్నారు. తెలియనితనంతో వేసిన లెక్క కాదు అది. ఎదురుగా ఉన్న అంకెలన్నీ కూడి, పరిమితితో పోల్చి చూశారు. లోపమంతా ఎదురుగా లేని అంకెల్లో ఉంది.

మొదట కనబడిన సమస్య

సొంత ట్రైలర్‌లో వెళ్ళడం మొదలైన రెండో నెల నుంచి ఆడగుర్రం రాంప్ (ఎక్కడానికి వేసే వాలుబల్ల) దగ్గర ఆగిపోసాగింది. ముందరి కాళ్ళు రాంప్ మీద పెట్టి, ఒక్క క్షణం నిలబడి, వెనక్కి వచ్చేసేది. మగగుర్రం ఎక్కేది కాని, దిగేసరికి మెడ, భుజాలు చెమటతో తడిసిపోయి ఉండేవి. నడుమ అడ్డుపలక మీద నాడాల గీతలు కొత్తగా పడ్డాయి, ఒకసారి దాని వెనక కాలి మడమ దగ్గర చర్మం చీరుకుపోయింది కూడా.

దీన్ని అందరూ గుర్రం స్వభావానికి సంబంధించిన సమస్యగానే చూశారు. లారీతో పోలిస్తే ట్రైలర్ ఇరుకు, లోపల చీకటి, అందుకే భయపడుతున్నదనుకుని ఒక శిక్షకుడిని పిలిపించారు. ఆయన ఓపికగా మూడు వారాలు పనిచేశాడు. ఆవరణలో ట్రైలర్‌ను గుర్రపుశాల ట్రాక్టర్‌కు తగిలించి, లోపల మేత పెట్టి, ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించాడు. నాలుగో రోజుకే ఆడగుర్రం పిలవగానే ఎక్కుతున్నది. అయితే ప్రయాణం రోజున అదే ట్రైలర్‌ను ఎస్‌యూవీకి తగిలించగానే మళ్ళీ రాంప్ దగ్గరే ఆగింది. శిక్షకుడు ఈ సంగతిని తన పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నాడు: "ట్రాక్టర్‌కు ఎక్కుతుంది, కారుకు ఎక్కదు." ఈ కేసు మొత్తంలో అంతకంటే విలువైన పరిశీలన మరొకటి లేదు. ఆ రోజుల్లో దాని అర్థం ఎవరికీ తట్టలేదు, అది నా చేతికి వచ్చింది కూడా చాలా ఆలస్యంగానే.

ఫోన్లో నేను ఇచ్చిన సలహా

యజమానురాలు మొదటిసారి ఫోన్ చేసినది ఈ దశలో. బండి 2,000 లాగుతుంది, మొత్తం 1,880 ఉంది, ఇంకేమైనా చూసుకోవాలా అని అడిగారు. అంచుకు దగ్గరగా ఉన్నా పరిమితి లోపలే ఉందని చెప్పి, హిచ్ మీద పడే బరువు ఆ బండికి అనుమతించిన దానికి మించకుండా చూసుకోమన్నాను. గుర్రాలు ఎలా ఉన్నాయని నేను అడగలేదు. ట్రైలర్‌ను ఎప్పుడైనా కాటా మీద పెట్టారా అని కూడా అడగలేదు.

హిచ్ బరువు అంటే ట్రైలర్ ముందు కొన, బండి వెనక ఉన్న బాల్ (ట్రైలర్‌ను తగిలించే ఇనుప గుండు) మీద కిందికి మోపే బరువు. ఆవిడ బండికి దాని పరిమితి 100 కిలోలు. కొలిపిస్తే అంతకంటే చాలా ఎక్కువ వచ్చింది. నా మాట ప్రకారం దాన్ని తగ్గించాలనుకున్నారు, తగ్గించారు కూడా. గుర్రాల రొమ్ముకు అడ్డంగా ఉండే కడ్డీలను ఒక మెట్టు, అంటే 15 సెంటీమీటర్లు వెనక్కి జరిపారు. ముందు అరలో ఉండే 60 లీటర్ల నీటి డబ్బాను వెనక్కి మార్చారు. హిచ్ బరువు 90 కిలోలకు దిగింది, బండి పుస్తకం ప్రకారం అంతా సరిపోయింది.

ఆ తరువాత మూడో ప్రయాణంలో, ఘాట్ దిగి చదునుకు వచ్చే పొడవాటి వాలులో, గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఒక పెద్ద లారీ వాళ్ళను దాటింది. ట్రైలర్ తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. మూడో ఊపుకు బండి వెనకభాగాన్ని కూడా తనతో పక్కకు లాగింది. నడుపుతున్నది ఆవిడ భర్త. ఆయన కంగారులో బ్రేకు గట్టిగా నొక్కారు. ఆ పరిస్థితిలో చేయకూడనిది అదే, అయితే ముందుగా ఎవరూ చెప్పకపోతే ఎవరైనా చేసేదీ అదే. రోడ్డు ఖాళీగా ఉండడం వల్ల, వేగం త్వరగా పడిపోవడం వల్ల బండి పక్క మట్టిదారిలోకి దిగి ఆగింది. మనుషులకు ఏమీ కాలేదు. మగగుర్రం మోకాళ్ళ మీద పడి లేచింది, ఆడగుర్రం లోపలే వణుకుతూ నిలబడి ఉంది. ఆ సాయంత్రం నాకు రెండోసారి ఫోన్ వచ్చింది. మర్నాడు నేను స్వయంగా వెళ్ళాను.

కాటా మీద తేలిన లెక్క

ముందుగా రొమ్ము కడ్డీలను, నీటి డబ్బాను వాటి పాత స్థానాలకు మార్పించాను. కారణం ఇది. ట్రైలర్ బరువు దాని ఇరుసులకు ఏ మేరకు ముందుకు ఉంటే అది అంత నిలకడగా వెనక వస్తుంది. బరువు వెనక్కి పోయేకొద్దీ చిన్న కుదుపుకే తోక ఊగడం మొదలవుతుంది, వేగం పెరిగితే ఆ ఊపు తనంతట తాను పెరుగుతుంది. బాల్ నుంచి ఇరుసుల నడిమికి ఈ ట్రైలర్‌లో 3 మీటర్లు. రెండు గుర్రాల బరువును 15 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే హిచ్ మీద 50 కిలోలకు పైగా తగ్గిపోతుంది. ట్రైలర్ మొత్తం బరువులో ఎంత శాతం హిచ్ మీద ఉండాలన్న విషయంలో దేశానికో పద్ధతి ఉంది: ఉత్తర అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు, యూరప్ ట్రైలర్లను అంతకంటే తక్కువకే, చాలావరకు 4 నుంచి 7 శాతానికి, రూపొందిస్తారు. ఈ ట్రైలర్ రెండో తరహాది. కడ్డీలు జరిపిన తరువాత దాని మీద ఉన్నది 4 శాతం కంటే తక్కువ. బండి పరిమితిని పాటించడానికి ట్రైలర్ నిలకడను బలిపెట్టారు. రెండూ ఒకేసారి కుదరడం లేదంటే ఆ జోడీయే కుదరదని అర్థం. ఆ మాట నేను ఫోన్లోనే చెప్పి ఉండవలసింది.

తరువాత అన్నీ సర్దిన స్థితిలో, గుర్రాలతో సహా, దగ్గరలోని వేబ్రిడ్జికి 30 కిలోమీటర్ల వేగం మించకుండా వెళ్ళి విడివిడిగా తూకం వేయించాము. పలక మీద 980 అని ఉన్న ట్రైలర్ ఖాళీగా 1,160 తూగింది. రబ్బరు పరుపులు, స్పేర్ చక్రం, పాత యజమాని వేయించిన ఇనుప అర, బలపరిచిన రాంప్, ఇవేవీ పలకకు తెలియవు. ఆడగుర్రం 560, మగగుర్రం 510. నీళ్ళు 60, గడ్డి వలలు 25, జీనులు, కళ్ళేలు, దుప్పట్లు కలిపి 45. మొత్తం 2,360 కిలోలు. ఆవిడ లెక్కకూ దీనికీ తేడా 480 కిలోలు, దాదాపు ఒక గుర్రమంత.

బండి వైపు లెక్క మరింత బోధపరిచేదిగా ఉంది. ముగ్గురు మనుషులు, డిక్కీలో 70 కిలోల సామానుతో ఎస్‌యూవీ ఒంటరిగా 1,920 తూగింది: ముందు ఇరుసు మీద 1,020, వెనక ఇరుసు మీద 900. ట్రైలర్ తగిలించగానే ముందు ఇరుసు 950కి తగ్గింది, వెనకది 1,140కి పెరిగింది. హిచ్ మీద పడినది 170 కిలోలే అయినా వెనక ఇరుసు మీద 240 పెరిగింది, ఎందుకంటే బాల్ వెనక చక్రాలకు 1.05 మీటర్లు వెనక ఉంది, చక్రాల మధ్య దూరం 2.66 మీటర్లే. ఆ బరువు వెనక చక్రాలను ఆధారం చేసుకుని ముందుభాగాన్ని పైకెత్తుతుంది. ఎత్తిన 70 కిలోలు కూడా వెనకకే చేరతాయి. స్టీరింగు తిప్పేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ ముందు చక్రాలే కనుక అవి తేలికపడడం ఏ విధంగానూ మంచిది కాదు.

వెనక ఇరుసు పరిమితి 1,120. హిచ్ పరిమితి 100. బండి, ట్రైలర్ రెండూ కలిపి ఉండదగిన బరువు, నేను దీన్ని జోడు బరువు అంటాను, 4,150. వేబ్రిడ్జి చూపినది 4,280. లాగదగిన బరువు 2,000, ఉన్నది 2,360. పైగా ఆ 2,000 కూడా పూర్తి నిజం కాదు. బండి తన పూర్తి బరువుతో, అంటే 2,200 కిలోలతో ఉన్నప్పుడు జోడు బరువులో ట్రైలర్‌కు మిగిలేది 1,950 మాత్రమే. బ్రోచర్‌లోని పెద్ద అంకె బండి పూర్తి బరువుతో ఉన్నప్పుడు వర్తించకపోవచ్చని చాలామందికి తెలియదు.

గుర్రం ఎందుకు ఎక్కలేదో కూడా ఆ పూటే తెలిసింది. ఎస్‌యూవీకి తగిలించాక ట్రైలర్ నేల ముందుకు వాలి ఉంది. గుర్రం తన బరువులో సుమారు 60 శాతాన్ని మామూలుగానే ముందరి కాళ్ళ మీద మోస్తుంది. ముందుకు వాలిన నేల మీద, అందులోనూ ఘాట్ దిగుతున్నప్పుడు, ఆ కాళ్ళ మీద ఎంత భారం పడుతుందో ఊహించవచ్చు. ఇంకా ముఖ్యమైనది, రాంప్ మీద కాలు మోపిన క్షణంలో బండి వెనక స్ప్రింగులు కదిలి ట్రైలర్ నేల అంతా ఊగడం కళ్ళకు కనిపించింది. బరువైన ట్రాక్టర్‌కు తగిలించినప్పుడు ఆ ఊగు లేదు. అప్పుడే శిక్షకుడు తన పుస్తకం తెచ్చి చూపించాడు. ఆడగుర్రం రెండు నెలలుగా చెబుతున్నది ఇదే.

ప్రయత్నించి వదిలేసినవి

వెంటనే కొత్త బండి కొనమని చెప్పడం ఎవరికైనా బరువైన మాట. అందుకే ఉన్నదాన్ని బాగుచేసే మార్గాలు ముందు చూశాము.

ఊపును అదుపు చేసే ఘర్షణ పరికరం ఒకటి, బాల్‌ను రెండు వైపులా పట్టి ఉంచే తరహాది, బిగించి చూశాము. గుర్రాల బదులు ఇసుక బస్తాలతో నడిపితే గంటకు 70 కిలోమీటర్ల దాకా తేడా బాగా తెలిసింది. కాని ఈ పరికరం కుదిరిన జోడీని మరింత కుదురుగా ఉంచడానికి పనికివస్తుంది. కుదరని జోడీలో అది హెచ్చరికను దాచేస్తుంది, చిన్న ఊపులు కనబడకుండాపోయి, మొదటిసారి కనబడేదే పెద్ద ఊపు అవుతుంది. తీయించేశాను.

రెండోది, ఒక మెకానిక్ సూచన మీద వెనక స్ప్రింగులకు తోడు గాలి సంచులు పెట్టించాలన్న ఆలోచన. వాటివల్ల బండి వెనకభాగం పైకి లేచి చూడడానికి సమంగా ఉంటుంది. అయితే ఇరుసు, బేరింగులు, చక్రాలు, టైర్లు మోయగలిగింది ఒక్క కిలో కూడా పెరగదు, ముందు ఇరుసు మీద పోయిన 70 కిలోలు తిరిగి రావు. వంగిన నడుమును పట్టీతో కట్టి నిలబెట్టినంత మాత్రాన మోసే శక్తి రాదని యజమానురాలికి వివరించాను, ఆవిడ ఒప్పుకున్నారు. హిచ్ బరువును ముందు ఇరుసుకు కూడా పంచే లివర్ల హిచ్ కొన్ని బండ్లకు చాలా మేలు చేస్తుంది, కాని ఈ బండి తయారీదారు దాన్ని వాడవద్దని పుస్తకంలోనే రాశాడు. చాసిస్ వేరుగా లేకుండా బాడీయే చట్రంగా ఉన్న బండ్లలో ఈ నిషేధం తరచూ కనిపిస్తుంది.

మూడోది పనిచేసింది, తాత్కాలికంగా. ఒక్కసారికి ఒక్క గుర్రాన్నే ఎక్కించి, నీళ్ళు, జీనులు ట్రైలర్‌లో పెట్టకుండా తూకం వేస్తే ఆడగుర్రంతో 1,745 కిలోలు, హిచ్ మీద 95 వచ్చాయి. అన్ని పరిమితులకూ లోపలే ఉంది, హిచ్ మీద 5 శాతం దాటి ఉంది. వైద్యం కోసం, మరీ తప్పనిసరి పనుల కోసం, 70 కిలోమీటర్ల వేగం లోపల, ఘాట్ లేని దారుల్లో అలా వెళ్ళడానికి ఒప్పుకున్నాను. ఒంటరి గుర్రాన్ని రోడ్డు నడిమి వైపున్న గదిలోనే నిలబెట్టమని చెప్పాను. రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది కనుక బరువు ఎత్తు వైపున ఉంటే ట్రైలర్ అంచుకు లాగదు. ఎడమ పక్కన నడిచే దేశాల్లో అది కుడి గది, కుడి పక్కన నడిచే దేశాల్లో ఎడమ గది. రెండు గుర్రాలున్నప్పుడు బరువైనది అక్కడ ఉండాలి.

బండిని వెతకడం

ఈసారి వెతుకులాటను తలకిందులుగా మొదలుపెట్టాము. బండిని చూసి ఎంత లాగుతుందని అడగకుండా, 2,360 కిలోల ట్రైలర్, 170 కిలోల హిచ్ బరువు, 280 కిలోల మనుషులు, సామాను అన్న అంకెలను ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి బండినీ వాటితో పోల్చాము. అన్ని పరిమితుల్లోనూ కొంత మిగులు ఉండాలన్నాను. పుస్తకంలో లేని మరో నియమం కూడా నేను పెట్టాను: ప్రయాణానికి సిద్ధంగా ఉన్న ట్రైలర్ బరువు, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న బండి బరువును మించకూడదు. ఎస్‌యూవీతో అది బండికి 1.23 రెట్లు ఉంది. ట్రైలర్‌లోనే స్వతంత్రమైన విద్యుత్ బ్రేకులుంటే ఈ నియమాన్ని కొంత సడలించేవాడిని. ఈ ట్రైలర్‌కు ఉన్నవి ఓవర్‌రన్ బ్రేకులు, అంటే ట్రైలర్ వెనకనుంచి బండిని నెట్టినప్పుడు మాత్రమే అవి పడతాయి. నెట్టుడుకు తట్టుకుని నిలబడేంత బరువు బండికి ఉండాలి.

మొదట చూసినది 3,500 కిలోలు లాగగల డబుల్ క్యాబ్ పికప్. ఆ అంకె చూసి అందరూ సంబరపడ్డారు. కాని పాత యజమాని దాని సస్పెన్షన్‌ను ఎత్తు చేయించి, పెద్ద టైర్లు, ఉక్కు బంపరు, వెనక తొట్టికి కప్పు పెట్టించాడు. పుస్తకంలో ఖాళీ బరువు 2,150. కాటా మీద 2,430. అనుమతించిన మొత్తం 2,950 లోంచి మన 280, 170 కూడా తీసేస్తే మిగిలేది 70 కిలోలే. అది చాలదా అంటే, కాగితం మీద చాలు. నన్ను ఆపినది ఎత్తు. ట్రైలర్ సమంగా నిలబడడానికి బాల్ 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఈ బండిది 62. దించిన బిగింపుతో బాల్‌ను కిందికి తేవచ్చు, కాని బండి గురుత్వ కేంద్రం పైకి పోవడాన్ని మార్చలేము. తయారీదారు ఇచ్చిన 3,500 అతను తయారు చేసిన బండికి చెందినది, ఎవరో మార్చిన బండికి దాన్ని వర్తింపజేసే ధైర్యం నాకు లేదు. మార్పులు లేని అదే పికప్ అయితే బహుశా ఒప్పుకునేవాడిని.

రెండోది ల్యాడర్ చాసిస్ (బాడీకి వేరుగా ఉండే ఉక్కు చట్రం) ఉన్న మూడు తలుపుల చిన్న ఆఫ్‌రోడ్ బండి, మంచి స్థితిలో ఉంది. ఖాళీ బరువు 1,950, లాగదగినది 2,800, హిచ్ పరిమితి కూడా సరిపోయింది. ట్రైలర్ మాత్రం బండి కంటే బరువు, 1.06 రెట్లు. యజమానురాలి భర్తకు బండి చాలా నచ్చింది, అంత చిన్న తేడాకు వదులుకోవాలా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే కనుక పరీక్షించి చూద్దామన్నాను. ట్రైలర్‌లో గుర్రాల స్థానంలో 1,070 కిలోల ఇసుక బస్తాలు కట్టి, గాలి వీచే రోజున ఖాళీ రోడ్డు మీద నడిపాము. 60 వరకు హాయిగా ఉంది. 75 దాటాక ఆయన స్టీరింగును ఆపకుండా కొద్దికొద్దిగా సర్దుతూనే ఉన్నారు, తాను సర్దుతున్నట్టు ఆయనకే తెలియదు. చక్రాల మధ్య దూరం 2.40 మీటర్లే ఉన్న బండిని వెనకనుంచి వచ్చే చిన్న తోపు కూడా పక్కకు తిప్పగలదు. ఇసుక బస్తాలు నేలకు అంటుకుని, కదలకుండా ఉంటాయి. గుర్రం బరువంతా నేలకు ఒక మీటరు పైన ఉండి, కాలు మార్చినప్పుడల్లా జరుగుతుంది. బస్తాలతోనే ఇలా ఉంటే గుర్రాలతో ఇంకా కష్టమే. బండి దిగాక ఆయనే వద్దన్నారు.

మూడోది ఎంచుకున్నది. ల్యాడర్ చాసిస్ మీద కట్టిన పెద్ద డీజిల్ ఎస్‌యూవీ. చక్రాల మధ్య దూరం 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బాల్ 1.15 మీటర్లు. ఖాళీ బరువు 2,330, అనుమతించినది 3,000. లాగదగినది 3,000, హిచ్ పరిమితి 250, జోడు బరువు 5,600, వెనక ఇరుసు 1,800. మనుషులు, సామానుతో 2,610 తూగింది, అంటే ట్రైలర్ బండి బరువులో సుమారు 90 శాతం. తగిలించాక వెనక ఇరుసు 1,600, జోడు బరువు 4,970. ప్రతి చోటా మిగులు ఉంది. పికప్ కంటే దీని లాగుడు అంకె 500 కిలోలు తక్కువన్న సంగతి గమనించాలి.

ఇంజను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. యూరప్ నియమాల ప్రకారం లాగుడు అంకె ఇవ్వాలంటే బండి, ట్రైలర్ జోడీ 12 శాతం ఎత్తున్న వాలులో ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి కదలగలగాలి. కదలడానికి ఆ పరీక్ష సరిపోతుంది, ఊపు గురించి, దిగుడు గురించి అది ఏమీ చెప్పదు. టర్బో లేని ఇంజను ఎత్తుకు వెళ్ళేకొద్దీ 1,000 మీటర్లకు దాదాపు పదోవంతు శక్తి కోల్పోతుంది కనుక ఘాట్ దారికి టర్బో ఉండడం మేలు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌కు విడి కూలర్ ఉందో లేదో చూశాను, ఉంది.

జోడీని సిద్ధం చేయడం

బండి మారిన మాత్రాన ఘటనకు కారణాలన్నీ పోవు. ట్రైలర్ బ్రేకులు విప్పించగా ఒక ఇరుసు మీద బ్రేకు పట్టీలు డ్రమ్ముకు అందకుండా ఉన్నాయి, ఓవర్‌రన్ దండంలోని డ్యాంపర్ అరిగిపోయి, నెట్టుడు మెత్తగా కాకుండా కొట్టినట్టు పడుతున్నది. రెండూ సరిచేయించాము. టైర్ల మీద పట్టు బాగానే ఉంది కాని, గోడ మీద ముద్రించిన నాలుగంకెల ప్రకారం (మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం) వాటి వయసు 9 ఏళ్ళు దాటింది. నాలుగూ మార్పించాను. బాల్ ఎత్తును సరిచేసి ట్రైలర్ నేల సమంగా ఉందని స్పిరిట్ లెవల్ పెట్టి చూశాము. రెండు ఇరుసుల ట్రైలర్ వాలి ఉంటే బరువు ఒకే ఇరుసు మీదికి పోయి ఆ టైర్లు వేడెక్కుతాయి. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకును లాగే తీగను బాల్ మెడకు ఊరికే చుట్టి వదలకుండా, దానికోసం బండికి బిగించిన కొక్కేనికి తగిలించడం అలవాటు చేయించాను.

నడిపే పద్ధతి మీద ఒక రోజంతా పనిచేశాము. తోక ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి, స్టీరింగును తిన్నగా పట్టి ఉంచాలి, ఊపుకు ఎదురుగా తిప్పకూడదు, బ్రేకు గట్టిగా నొక్కకూడదు. ఘాట్ దిగడం గురించి ఇంకా ఎక్కువసేపు మాట్లాడవలసి వచ్చింది. తక్కువ గేరులో దిగమని అందరూ చెబుతారు, అది సరైనదే. అయితే ఓవర్‌రన్ బ్రేకులున్న ట్రైలర్ విషయంలో, ఇంజను బండిని పట్టి ఉంచుతున్నంతసేపూ ట్రైలర్ బండిని నెడుతూనే ఉంటుంది, కనుక దాని బ్రేకులు ఆగకుండా కొద్దికొద్దిగా రాసుకుంటూనే ఉంటాయి. అందువల్ల వాలు మొదలయ్యే ముందే వేగం బాగా తగ్గించుకోవాలి, పొడవాటి దిగుడులో నడుమ ఒకటి రెండు చోట్ల ఆగి డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి వేడి చూడాలి. చేయి దగ్గరికి పోనివ్వకపోతే చల్లారేదాకా కదలకూడదు.

ఫలితం

మొదటి రోజు కొత్త బండికి ట్రైలర్ తగిలించి, గుర్రాలను ఎక్కించడమే తప్ప ఎక్కడికీ వెళ్ళవద్దన్నాను. ఆడగుర్రం రాంప్ మీద ముందరి కాళ్ళు పెట్టి, అలవాటు ప్రకారం ఆగింది. కింద నేల కదలలేదు. ఇంకో అడుగు వేసింది, మళ్ళీ ఆగింది. మొత్తం పది నిమిషాలు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. మూడో ప్రయాణానికి పిలవగానే ఎక్కింది. మగగుర్రం ఆరో ప్రయాణం నాటికి పొడి భుజాలతో దిగుతున్నది, నడుమ పలక మీద కొత్త గీతలు పడడం ఆగిపోయింది. పలకను తుడిచి, ప్రతి ప్రయాణం తరువాత ఒక ఫొటో తీసి పంపమని నేనే అడిగాను. ఇప్పుడు ప్రతి కేసులోనూ అడుగుతున్నాను, ఎందుకంటే లోపల ప్రయాణం ఎలా సాగిందో డ్రైవరుకు తెలియదు, ఆ పలకకు తెలుస్తుంది.

నా పద్ధతిలో మారినవి

ఫోన్లో అంకెలు విని సరిపోతుందని చెప్పడం మానేశాను. కాటా చీటీ చూడకుండా నేను చెప్పగలిగింది తూకం వేయించమని మాత్రమే. హిచ్ బరువు గురించి ఎవరైనా అడిగితే పై హద్దు, కింది హద్దు రెండూ కలిపి చెబుతాను. ఒక్క హద్దు చెబితే మనిషి దాన్ని పాటించడానికి ఇంకోదాన్ని దాటేస్తాడని ఈ కుటుంబం దాదాపు ప్రాణాల మీదికి తెచ్చుకుని నాకు నేర్పింది. గుర్రం ఎక్కనంటే శిక్షకుడితో పాటు నన్నూ పిలవమంటున్నాను, మొదట చూసేది బండి వెనక స్ప్రింగులనే.

ఈ కేసు పూర్తిగా ముగియలేదు. మగగుర్రం స్థానంలో 640 కిలోల పెద్ద గుర్రాన్ని తీసుకునే ఆలోచన ఉందని యజమానురాలు ఇటీవల చెప్పారు. అప్పుడు ట్రైలర్ 2,490కి చేరుతుంది. బండికి అది ఇబ్బంది కాదు. ట్రైలర్ సొంత పరిమితి మాత్రం 2,600, మిగులు 110 కిలోలే అవుతుంది, హిచ్ బరువు కూడా మారుతుంది. పాత యజమాని వేయించిన ఇనుప అరను తీసేయించి, కొత్త గుర్రంతో ముందుగా వేబ్రిడ్జికి వెళ్ళి, ఆ చీటీ నాకు పంపమన్నాను. కొనకముందే పంపుతానన్నారు.